నూట ముప్పై ఒక్క ఖాళీలు

శనివారం సాయంత్రం అయిదులోపు అయిపోవాల్సినవి:

బస్సు సంస్థ నుంచి టిక్కెట్ల ఫైలు తెప్పించాలి (రెండుసార్లు అడిగినా పంపలేదు, పెద్దసారుతో ఫోన్ చేయించాలి).
వార్డులవారీ జనాభా సరిచూడాలి.
ఏ వార్డు నుంచి ఏ వార్డుకు రోజూ ఎంతమంది పోయివస్తున్నారో పట్టిక కట్టాలి.
పట్టికలో ఖాళీలు నింపాలి.
ఆసుపత్రి నుంచి ఈ వారం కేసులు ఎక్కించాలి.
లెక్కను వెయ్యిసార్లు నడపాలి.
ఇరవై నాలుగు వార్డులకూ వరస వెయ్యాలి.
అక్కకు ఫోన్ చెయ్యాలి.

ఈ చీటీని ఆమె తన బల్ల పక్కన గోడకు అంటించుకుంది. అయిన పనికి అయినట్టు గీత కొట్టేస్తూ వచ్చింది. ఆఖరి దానికి తప్ప అన్నింటికీ గీత పడింది.

ఆఫీసులో ఆమెను లెక్కలమ్మ అనేవాళ్లు. ఇంట్లో అక్క పంతులమ్మ అని ఏడిపించేది. ఆ ఇంటి మొత్తంలో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. అమ్మకు వేలిముద్రే గతి. అక్క అయిదో తరగతితో బడి మానేసి, పదిహేనేళ్లకే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరి చెల్లెల్ని చదివించింది. అందుకే ఆఫీసులో ఎవరైనా అయిదుకు ఇమ్మంటే లెక్కలమ్మ నాలుగున్నరకే ఇచ్చేది. తన పనిలో తప్పు దొర్లితే అది తన ఒక్కదాని తప్పు కాదని, తన వెనక నిలబడ్డ వాళ్లందరికీ తలవంపులని ఆమె నమ్మకం.

నగరంలోకి దద్దు జ్వరం వచ్చి అప్పటికి అయిదు వారాలు. ముందు గొంతు ఎండుతుంది, కళ్లు ఎర్రబడతాయి. రెండో రోజుకో మూడో రోజుకో జ్వరం, మెడ మీద దద్దులు. పదిమందిలో ఒకరికి ఊపిరి అందదు. టీకా ఉంది, కానీ ఎనిమిది వార్డులకే సరిపడా వచ్చింది. మిగిలింది రావడానికి ఇంకో మూడు వారాలు. ఏ ఎనిమిది వార్డులకు ముందు వెయ్యాలో తేల్చమని ఆరోగ్యశాఖ మూడో అంతస్తులోని లెక్కల గదికి పురమాయించింది. ఆ గదిలో ఉండేది ముగ్గురు: పెద్దసారు, మ్యాపులు గీసే ఆయన, లెక్కలమ్మ.

లెక్క చెప్పుకుంటే తేలికే. నగరాన్ని ఇరవై నాలుగు గదుల ఇల్లు అనుకోవాలి. ప్రతి గదిలో మూడు గంపలు: జ్వరం ఇంకా తగలనివాళ్లు, తగిలినవాళ్లు, తగిలి తేరుకున్నవాళ్లు. ఒక గదిలో తగిలినవాళ్లు ఎంత ఎక్కువుంటే అక్కడ కొత్తగా అంత ఎక్కువ మందికి అంటుకుంటుంది. గదికీ గదికీ మధ్య తలుపులున్నాయి. పొద్దున పనికిపోయి సాయంత్రం తిరిగొచ్చే మనుషులే ఆ తలుపులు. జ్వరానికి రెక్కలు లేవు, అది మనుషుల కాళ్ల మీదే నడుస్తుంది. కాబట్టి ఏ తలుపులోంచి ఎందరు పోతున్నారో తెలిస్తే రేపు ఏ గది అంటుకుంటుందో ఇవాళే చెప్పొచ్చు. ఎవరికి అంటుతుందన్నది పాచికలు వేసినట్టే కాబట్టి, లెక్కను వెయ్యిసార్లు నడిపి ఎక్కువసార్లు ఏం వస్తే దాన్ని నమ్ముతారు.

ఆ తలుపుల పట్టిక బస్సు టిక్కెట్ల నుంచి తయారైంది. ఇరవై నాలుగు వరసలు, ఇరవై నాలుగు నిలువులు. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నది టిక్కెట్టు మీదే ఉంటుంది.

"లెక్కలమ్మా, నీ ఇంటికి సున్నం, రంగులు సిద్ధం. ఎరుపు మాత్రం ఎనిమిది గదులకే ఉంది, పొదుపుగా వాడుకో," అన్నాడు మ్యాపులాయన తన కంప్యూటరు వెనకనుంచి.

"మీరు పొదుపు చెయ్యనిది ఒక్క మాటలే అనుకుంటా," అంది ఆమె.

"మాటలు ఆఫీసు సొమ్ము కాదుగా, ధారాళంగా వాడతా."

లెక్క నడపబోతే కంప్యూటరు మొండికేసింది. పట్టికలో ఖాళీ గడులున్నాయి, ముందుకు పోనంది. కొన్ని వార్డుల జంటల మధ్య ఒక్క టిక్కెట్టూ తెగలేదు, అందుకని ఆ గడులు బోసిగా ఉన్నాయి. లెక్కలమ్మ ఒక్క వాక్యం రాసింది: ఖాళీ ఎక్కడుంటే అక్కడ సున్నా వెయ్యి. నూట ముప్పై ఒక్క గడులు నిండాయని తెర మీద పడింది. పక్కనున్న టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. చీటీలో నాలుగో దానికి గీత కొట్టేసింది.

ఆ వృత్తిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకొకరు చెయ్యలేని తప్పు అది. ఖాళీ అంటే మాకు తెలియదు అని. సున్నా అంటే అక్కడ ఎవరూ నడవరు అని. మొదటిది తెల్లమొహం వెయ్యడం, రెండోది సాక్ష్యం చెప్పడం. ఒక్క వాక్యంతో ఆమె నూట ముప్పై ఒక్క అబద్ధపు సాక్ష్యాలు చెప్పింది, అదీ ఏ దురుద్దేశమూ లేకుండా.

వరస తేలింది. ఆసుపత్రి ఉన్న ఆరో వార్డు మొదటిది. పదకొండో వార్డు ఎనిమిదోది, అంటే అంచు మీద దక్కించుకుంది. తన ఇల్లున్న పంతొమ్మిదో వార్డు ఇరవై రెండోది. పంతొమ్మిది వైపు ప్రత్యేకంగా చూడకూడదని ఆమె మొదటిరోజే తనకు తాను ఒట్టు పెట్టుకుంది. తనవాళ్ల కోసం లెక్క వంచిందన్న మాట పడకూడదు. కాబట్టి మిగతా వార్డుల అంకెలు రెండుసార్లు చూసింది, పంతొమ్మిది అంకెలు ఒక్కసారే చూసింది. ఇరవై రెండు అని చూడగానే మాత్రం లోపల హాయిగా అనిపించింది. మావాళ్లకు గండం దూరంగా ఉంది అనుకుంది. నాలుగున్నరకు జాబితా పైకి పంపేసింది.

ఫోన్ చేసే బదులు, ఆఫీసు దగ్గర తనుండే అద్దెగదినుంచి ఆదివారం ఇంటికే వెళ్లింది.

అక్క గుమ్మంలో కూర్చుని పగిలిన చేతులకు నూనె పట్టిస్తోంది. లాండ్రీలో ఉతుకు సోడా నీళ్లలో నాని నాని ఆ చేతులు ఎప్పుడూ అలాగే ఉండేవి, దాని ఆవిరికి కళ్లూ ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

"ఏం పంతులమ్మా, దారితప్పి వచ్చావా?"

"నిన్న ఫోన్ చేద్దామనుకున్నా అక్కా."

"అనుకుంటే ఫోన్ మోగదమ్మా. నొక్కాలి."

లోపలినుంచి అమ్మ, "వచ్చీరాగానే దాన్ని వాయించకే," అంది.

"వాయించక, హారతి పట్టనా? ఈ నగరం జ్వరం అంతా మీ చెల్లెలి నెత్తిమీదే ఉందటగా అని లాండ్రీలో అడుగుతున్నారు. ఏం చేస్తుందో చెప్పలేక చస్తున్నా. ఏం చేస్తావే నువ్వు?"

లెక్కలమ్మ పక్కన కూర్చుని గదుల సంగతి, గంపల సంగతి, తలుపుల సంగతి చెప్పింది. అక్క కళ్లు చిట్లించి వింది.

"మా తొట్లలాగన్నమాట. ఒక తొట్టిలో రంగు దిగిందనుకో, గొట్టం మూసేస్తాం. పక్క తొట్టికి పోదు."

"అదే అక్కా! అచ్చం అదే. వార్డులు తొట్లు, బస్సులు గొట్టాలు."

"మరి తడిగుడ్డను చేత్తో తీసి పక్క తొట్టిలో వేస్తేనో?"

"అంటే?"

"గొట్టంతో పనేముంది అప్పుడు? మొన్న కొత్తపిల్ల అలాగే చేసి నూట ఇరవై దుప్పట్లు గులాబీరంగు చేసి పెట్టింది. రోగులు పెళ్లిపందిట్లో పడుకున్నట్టు పడుకున్నారు."

లెక్కలమ్మ నవ్వింది. నవ్వుతూనే, "నువ్వేం భయపడకు. మన వార్డు ఇరవై రెండోది. ఆరో వార్డు నుంచి ఇక్కడికి ఎవరూ రారు," అంది.

అక్క నూనె రాయడం ఆపేసింది.

"ఎవరూ రారా? మరి నేను రోజూ ఏ బస్సెక్కి పోతున్నానే?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నువ్వు మాత్రం పదేళ్లు ఏ బస్సెక్కి బడికి పోయావు?" అంది.

పంతొమ్మిదో వార్డుకూ ఆరో వార్డుకూ మధ్య రైలు కట్ట ఉంది. కట్ట కింద నీళ్లు పోవడానికి కట్టిన తూము ఉంది. వానలు లేనప్పుడు అది పొడిగా ఉంటుంది. వంగకుండా నడవొచ్చు, కానీ ఇద్దరు పక్కపక్కన పోలేరు. పది నిమిషాల్లో అవతలికి చేరొచ్చు. బస్సులో అయితే కట్ట చుట్టూ తిరిగి గంటంబావు. ఏ బుర్ర ఉన్నవాడూ బస్సెక్కడు, అందుకే అక్కడ నేరుగా బస్సు వేసిన పాపాన ఎవరూ పోలేదు, అందుకే ఒక్క టిక్కెట్టూ తెగలేదు. పలకతో మొదలుపెట్టి పదో తరగతి దాకా ఆమె నడిచిన దారి అది. ఆ దారిలో ఎవరూ నడవరని ఆమే సాక్ష్యం చెప్పి వచ్చింది.

"లాండ్రీలో ఇక్కడివాళ్లు ఎంతమంది అక్కా?"

"మా షిఫ్టులో సగం. వంటగదిలో ఇంకొంతమంది. ఊడ్చేవాళ్లంతా ఇక్కడివాళ్లే."

"జ్వరం వార్డు దుప్పట్లు?"

"ఎర్ర సంచుల్లో విడిగా వస్తాయి. మూతికి గుడ్డ కట్టుకునే విప్పుతాంలే," అంది అక్క. చెల్లెలి మొహం చూసి మళ్లీ, "ఏమైందే?" అంది.

ఏమైందో చెప్పి, అక్కడినుంచే పెద్దసారుకు ఫోన్ చేసింది. ఆయన కసురుకోలేదు. అంతా విని ఒక్కమాటే అడిగాడు: "ఎంతమంది?" ఆమె తెలియదంది. "ఆ గడిలో సున్నా తప్పంటున్నావు, బాగానే ఉంది. దాని బదులు ఏం వెయ్యాలి? ఊహించి వేస్తే అది ఇంకో తప్పు. అంకె పట్టుకురా."

అక్క ఆ మాట వినేసింది. "ఎంతమందో కావాలా? ఓస్, అదేం బ్రహ్మవిద్యని. నిలబడి లెక్కపెడితే సరి."

"నువ్వు పనికి పోవద్దా?"

"నీ సున్నా కంటే నా దుప్పట్లు ఎక్కువా? సెలవు పెడతాలే."

సోమవారం తెల్లవారుతుండగా ఇద్దరూ తూము దగ్గరకు వెళ్లారు. లెక్కలమ్మ కాగితం, పెన్నుతో కట్ట ఇవతల ఎత్తు మీద నిలబడింది. అక్క తూము మూతి దగ్గరే నిలబడింది. అక్కడైతేనే ఒక్కొక్కరూ భుజం రాసుకుంటూ పోతారు, ఎవరూ తప్పిపోరు. లాండ్రీలో రాలిన బొత్తాలు ఒక సంచినిండా తెచ్చుకుంది. పదిమంది దాటగానే ఎడమ జేబులో బొత్తం ఒకటి కుడి జేబులో వేస్తుంది. దుప్పట్ల మూటలు లెక్కపెట్టేది అలాగేనట.

వచ్చేవాళ్లందరికీ అక్క తెలుసు.

"ఏంటక్కా, ఇవాళ గేటు కాపలానా?"

"అవును. టిక్కెట్టు తియ్యి."

"టిక్కెట్టు లేదు, నువ్వే ఏదో సర్దుకో."

"వదినా, ఆగు, నీ వెనకాల ఎంతమంది? తోసుకోకండర్రా, తొమ్మిదో ఆయన ఎవరు, చెయ్యెత్తు!"

ఎత్తు మీదనుంచి చెల్లెలికి ఆ నవ్వులు వినిపిస్తున్నాయి. మధ్యలో నీళ్ల సీసా ఇవ్వడానికి కిందికి దిగింది. అక్క గటగటా తాగేసి, గొంతు తడారిపోతోంది అరిచి అరిచి, అంది. కళ్లు జేవురించి ఉన్నాయి. జ్వరం లక్షణాల జాబితా లెక్కలమ్మకు కంఠతా వచ్చు, ఆ జాబితా టైపు చేసిందే తను. కానీ ఆ కళ్లు ఆమె చిన్నప్పటినుంచి చూస్తున్న కళ్లు. సోడా కళ్లు. ఖాళీ సీసా తీసుకుని మళ్లీ ఎత్తు మీదికి వెళ్లిపోయింది.

తొమ్మిది గంటలకు చూసుకుంటే చెల్లెలి కాగితం మీద వెయ్యిన్నీ నూట యాభై రెండు. అక్క జేబులో నూట పద్దెనిమిది బొత్తాలు, పైన ఆరుగురు.

"నీకు ముప్పై నాలుగు ఎక్కువొచ్చాయి అక్కా."

"నీకు తక్కువొచ్చాయి. చంకలో పిల్లల్ని వేసుకున్నావా?"

"వాళ్లు నడవట్లేదుగా."

"నడవకపోతే జ్వరం రాదా వాళ్లకి? ఏం చదువే అది!"

చెల్లెలు తన అంకె కొట్టేసి అక్క అంకె రాసుకుంది: వెయ్యిన్నీ నూట ఎనభై ఆరు.

ఆ ఒక్క గడిలో సున్నా తీసేసి ఆ అంకె వేసి లెక్క నడిపితే, పంతొమ్మిదో వార్డు ఇరవై రెండునుంచి మూడుకు ఎగబాకింది. వెయ్యిసార్లు నడిపితే తొమ్మిదివందల అరవైసార్లు అదే మాట. టీకాలు ఎనిమిది వార్డులకే కాబట్టి అంచు మీదున్న పదకొండో వార్డు జారిపోయింది. మ్యాపులాయన ఏ జోకూ వెయ్యకుండా పదకొండుకు ఎరుపు తీసి, పంతొమ్మిదికి వేశాడు.

పెద్దసారు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"మీ ఇల్లు ఏ వార్డు?"

"పంతొమ్మిది సార్."

"లెక్కపెట్టింది?"

"నేనూ, మా అక్కా."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను నిన్ను నమ్ముతానమ్మా. ఫైలు నమ్మదు. రేపు పదకొండో వార్డువాళ్లు వచ్చి, మా టీకా మీ ఆఫీసులో అమ్మాయి వాళ్ల అక్క ఎత్తుకుపోయింది అంటే నేనేం చెప్పను? ఇంకో రెండు పొద్దులు లెక్కపెట్టిద్దాం. ఆ వార్డుతో సంబంధం లేని గుమస్తాలతో."

"రెండు రోజులు సార్! ఇవాళే బృందాలు బయల్దేరుతున్నాయి."

"తప్పు చేసింది మనం. దిద్దుకునేటప్పుడైనా పద్ధతిగా దిద్దుకోవాలి."

ఆయన మాటలో వంక పెట్టడానికి లేదు. మంగళవారం గుమస్తాలకు వెయ్యిన్నీ నూట డెబ్బై ఒకటి వచ్చింది. బుధవారం వెయ్యిన్నీ నూట తొంభై. అక్క అంకె ఈ రెంటికీ మధ్యలో చక్కగా ఇమిడింది. ఆ బుధవారం మధ్యాహ్నమే అమ్మ ఫోన్ చేసింది. అక్కకు ఒళ్లు కాలిపోతోందని, మెడ మీద దద్దులు వచ్చాయని.

గురువారం ఫైలు కదిలింది. శుక్రవారం సంతకమైంది. శనివారం పంతొమ్మిదో వార్డులోకి టీకా బృందాలు అడుగుపెట్టాయి. జాబితా సరిగ్గా ఉంటే సోమవారం అడుగుపెట్టేవి.

ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్కలమ్మ తేదీలు వెనక్కి లెక్కపెట్టింది. ఈ జ్వరం సోకిన పదో రోజుకో పన్నెండో రోజుకో బయటపడుతుంది. అంటే అక్కకు అంటుకున్నది జాబితా కట్టడానికి వారం ముందే, ఏ ఎర్ర సంచి విప్పినప్పుడో. సోమవారం టీకా వేసినా అక్కకు ఒరిగేదేమీ లేదు. నా సున్నా మా అక్కను ఏం చెయ్యలేదు అని ఒక్క క్షణం ఆమె ఊపిరి తేలికైంది. ఆ తేలికకు తర్వాత చాలాకాలం సిగ్గుపడింది. ఎందుకంటే లెక్కలో ఆ పక్క వరస కూడా ఆమెకు తెలుసు. జ్వరం బయటపడే రెండు రోజుల ముందే అది ఇంకొకరికి అంటడం మొదలవుతుంది. బుధవారానికి రెండు రోజుల ముందు సోమవారం. సోమవారం అయిదు నుంచి తొమ్మిది దాకా అక్క ఎక్కడుంది? గాలి ఆడని తూము మూతి దగ్గర, వెయ్యిన్నీ నూట ఎనభై ఆరుగురిని ఒక్కొక్కర్నీ పలకరిస్తూ. అక్కడ నిలబెట్టింది ఎవరు?

అక్కను చూడనిచ్చింది రెండుసార్లే, అదీ మాస్కు కట్టుకుని, తలుపు దగ్గరనుంచి. రెండోసారి వెళ్లేసరికి అక్క మాట సన్నగిల్లిపోయింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. అయినా దుప్పటి అంచు వేళ్లతో పట్టుకుని చూపించింది.

"రెండో షిఫ్టువాళ్ల ఉతుకు ఇది. సరిగ్గా పిండలేదు చూడు."

"నువ్వు లేచి వెళ్లి తిట్టు వాళ్లని."

"తిడతా..." అంది. కాసేపాగి, "మన వార్డుకి వచ్చారా, సూదులవాళ్లు?" అంది.

"వచ్చారక్కా. శనివారం నుంచి వేస్తున్నారు."

"అమ్మకి?"

"వేశారు."

"నా అంకె పనికొచ్చిందన్నమాట."

"పనికొచ్చింది అక్కా."

సోమవారం సంగతి ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది. అబద్ధం చెప్పలేదు, నిజమంతా చెప్పనూ లేదు. అక్క కళ్లు మూసుకుంది. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున పోయింది.

కంప్యూటరులో మూడో గంప ఒకటుందని చెప్పాను కదా, తేరుకున్నవాళ్లది. పోయినవాళ్లను కూడా అందులోనే వేస్తారు. లెక్కకు సంబంధించినంతవరకు ఇద్దరూ ఒకటే, ఇంక ఎవరికీ అంటించరు. ఆ వారం కేసులు ఎక్కించేటప్పుడు పంతొమ్మిదో వార్డు రెండో గంపలోంచి ఒకటి తీసి మూడో గంపలో వేసింది లెక్కలమ్మే. ఆ పని ఇంకొకరికి ఇవ్వనా అని పెద్దసారు అడిగాడు. వద్దంది.

జ్వరం సద్దుమణిగేసరికి పంతొమ్మిదో వార్డులో ముప్పై ఏడుగురు పోయారు. శనివారం బదులు సోమవారమే టీకాలు మొదలై ఉంటే ఏమయ్యేదని లెక్క నడిపింది. పదకొండు నుంచి పదహారు మంది మిగిలేవాళ్లని లెక్క చెప్పింది. ఆ పదకొండుమంది ఎవరని అడిగితే లెక్క నోరు విప్పదు. మరి ఆ సోమవారం తూము దగ్గర ఎందరికి అంటుకుంది? దానికీ జవాబు లేదు. వార్డులో అందరూ అందరితో సమానంగా కలుస్తారని అనుకునే లెక్క అది. ఒక మనిషి ఒకచోట నాలుగు గంటలు నిలబడి అందరితో నవ్వుతూ మాట్లాడటం దానికి పట్టదు.

మ్యాపులాయన పదిరోజులు సెలవు పెట్టి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వాళ్ల ఇల్లు పదకొండో వార్డులో అని అప్పుడు తెలిసింది. ఆయన తండ్రికి జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ రెండు చెవులూ పోయాయి.

"ఒక్కమాట చెప్పలేదేంటండీ?" అంది లెక్కలమ్మ.

"చెప్తే నీ చెయ్యి ఆగేదా?"

ఆమె ఆలోచించింది. "ఆగేది కాదు."

"మరింకెందుకు చెప్పడం," అని ఆయన తన తెర వైపు తిరిగిపోయాడు.

నివేదిక రాసే పని ఆమె మీదే పడింది. పట్టికలోని నూట ముప్పై ఒక్క ఖాళీలను పరిశీలించకుండా సున్నాలుగా నింపినది నేనే అని ఒక పేరా రాసింది. పెద్దసారు పెన్ను దాని మీద చాలాసేపు ఆగింది. "ఇది తీసేసినా నిన్ను ఎవరూ తప్పుపట్టరు," అన్నాడు. ఉంచండి సార్ అంది. ఉంచాడు. దాని కింద ఒక వాక్యం తన చేత్తో రాశాడు: సవరణను రెండు రోజులు ఆపినది నేను.

కానీ పంతొమ్మిదో వార్డువాళ్లు నివేదికలు చదవరు. అక్కడ నోటిమాటే నివేదిక. దుప్పట్లామె జ్వరం మోసుకొచ్చి తూము దగ్గర నిలబడి అందరికీ పంచిపెట్టిందని ఆ నోటా ఈ నోటా పాకింది. అమ్మ కుళాయి దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. ఏ తప్పూ ఎరగని మనిషి పేరు అలా వీధిపాలవుతుంటే లెక్కలమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. సెలవు పెట్టి, చనిపోయినవాళ్ల ఇళ్లకు ఒక్కొక్క ఇంటికీ వెళ్లింది. మా అక్క తనంతట తను నిలబడలేదు, నేను నిలబెట్టాను, నా పట్టికలో తప్పు దిద్దడానికి నిలబడింది అని ప్రతి గడప దగ్గరా చెప్పింది. కొందరు కూర్చోమన్నారు. కొందరు తలుపు తియ్యలేదు. ఆసుపత్రి వంటగదిలో పనిచేసే భర్తను పోగొట్టుకున్న ఒకామె అంతా విని, "మా ఆయన ఏ గడిలో ఉన్నాడమ్మా నీ పట్టికలో?" అంది.

లెక్కలమ్మ ఆ గుమ్మం ముందునుంచి కదల్లేదు. చివరికి ఆ ఇంటావిడే, "ఎండలో ఎంతసేపుంటావు, వెళ్లు," అని తలుపు వేసుకుంది.

ఆ నివేదిక ఇప్పుడు చాలా నగరాల ఆరోగ్య కార్యాలయాల్లో ఉంది. ఖాళీ గడిని సున్నాగా తీసుకోవద్దు, వెళ్లి చూసి రండి అని దాన్ని చూపించి కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నారు. అందులో మనుషుల పేర్లు ఉండవు, అది పద్ధతి. వార్డు సంఖ్య, పక్కన గీత, ఆ వార్డులో ఎన్నో కేసు అన్నది. మొదటగా దొరికిన కేసును వార్డులోకి జ్వరం తెచ్చినదిగా రాస్తారు. అక్క అందులో 19/1.

ఇది చదివిన మీకు ఒక మనవి. ఎప్పుడైనా ఆ కాగితం మీ చేతికొస్తే, ఆ అంకె దగ్గర కాస్త ఆగండి. ఆవిడకు ముప్పై నాలుగేళ్లు. లాండ్రీలో చేరిన పంతొమ్మిదేళ్లలో ఒకే ఒక్క రోజు సెలవు పెట్టింది. అది చెల్లెలి తప్పు దిద్దడానికి. జ్వరం తెచ్చిన మనిషిగా కాదు, ఆ సెలవు పెట్టిన మనిషిగా ఆవిడను గుర్తుపెట్టుకోండి.